దుఃఖమున్న ఇంటికి పండుగ వాక్యం: ఆగమనం నుంచి ఈస్టరు వరకు ధ్యానాలు సిద్ధం చేసుకునే పద్ధతి

అక్టోబరు నెలాఖరు వచ్చేసరికి చాలా సంఘాలలో క్రిస్మస్ కార్యక్రమాల జాబితా తయారవుతుంది. సెమీ క్రిస్మస్ ఏ తేదీన పెట్టుకోవాలి, క్యారల్స్ బృందం ఏ వీధి నుంచి బయలుదేరాలి, సండే స్కూలు పిల్లల చేత నాటిక ఎవరు వేయించాలి, గుడికి ఈ ఏడాది సున్నం వేయించాలా వద్దా అనే విషయాల మీద పెద్దలు రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటారు. ఇన్ని ఏర్పాట్ల మధ్య వాక్యం ఒక్కటే కాపరికి వదిలేస్తారు, కాపరి దానిని శనివారం రాత్రికి వదిలేసుకుంటాడు. పరిచర్యలో మొదటి పదేళ్ళూ నేనూ అలాగే గడిపాను. నిరుటి ప్రసంగం కాగితాలకు కొత్త పిట్టకథ ఒకటి తగిలించి నెట్టుకొచ్చిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. ఆ అలవాటు ఎందుకు మానుకున్నానో, ఇప్పుడు ఏ పద్ధతిలో సిద్ధపడుతున్నానో, కొత్తగా సంఘ బాధ్యత తీసుకున్న కాపరుల కోసం, కాపరి రాలేని ఆదివారాలలో వాక్యం చెప్పవలసివచ్చే పెద్దల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు భూస్థాపన రిజిస్టరు తెరవాలి

ఆగమన కాలం అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం; దాని మొదటి ఆదివారం నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటదు. దానికి నాలుగు వారాల ముందే, వ్యాఖ్యాన గ్రంథాల జోలికి వెళ్ళకముందే, సంఘంలో చనిపోయి సమాధి చేయబడినవారి పేర్లు రాసే భూస్థాపన రిజిస్టరు తీసి, గత ఆగమనం నుంచి ఇప్పటివరకు అందులోకి ఎక్కిన పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన నిద్రించిన, అంటే చనిపోయిన తేదీ, ఇంట్లో మిగిలినవారెవరు, వారు ఆరాధనలో ఎక్కడ కూర్చుంటారు అనే మూడు సంగతులు చేర్చాలి. మూడోది అనవసరంగా కనబడవచ్చు గాని, ప్రసంగం రాసుకునే వేళ ఎక్కువ పనికివచ్చేది అదే. ఎడమవైపు మూడో స్తంభానికి ఆనుకుని, చాప అంచున, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి వీలుగా కూర్చునే ఒక తల్లిని కళ్ళ ముందు పెట్టుకుని రాస్తే, చేతిలోని కలం సగం అలంకారాలను తానే కొట్టివేస్తుంది.

రిజిస్టరుకు ఎక్కని నష్టాలు కూడా ఉంటాయి. పుట్టకముందే పోయిన బిడ్డకు అందులో వరుస ఉండదు. వేరే ఊళ్ళో చనిపోయిన అన్నదమ్ముడి పేరు మన రిజిస్టరులోకి రాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికని కువైట్ వెళ్ళిన స్త్రీలలో కన్నతల్లి భూస్థాపనను ఫోనులో చూసినవారున్నారు. వారు అక్కడ శుక్రవారం సెలవు గనుక ఆ రోజు ఆరాధనకు కూడుకుంటారు, ఇక్కడి ఆదివారపు వాక్యాన్ని మళ్ళీ ఫోనులోనే వింటారు. ఇవన్నీ తెలిసేది మన స్త్రీల సమాజంలోని ఒకరిద్దరు పెద్ద వయసు తల్లులకే గనుక, పేర్ల పట్టికను వారికి వినిపించి, ఎవరిని మరచిపోయామో చెప్పమని అడగాలి. పురుగుమందు తాగో, ఉరి వేసుకునో పోయినవారి ఇళ్ళను మరచిపోవడం చాలా సులువు, ఎందుకంటే ఆ ఇళ్ళవారు కూడా మనం మరచిపోతేనే మేలని అనుకుంటారు. ఆ పేర్లను కూడా అందరి పేర్లతో పాటే, అదే వరుసలో, అదే సిరాతో రాసుకోవాలి.

నవంబరులోనే, ఇళ్ళ మీద నక్షత్రాలు వెలగకముందే, ఆ ఇళ్ళన్నీ ఒకసారి తిరిగి రావాలి. ఆ సందర్శనలో ప్రసంగం వద్దు. రెండు విషయాలు అడిగితే చాలు: ఆరాధనలో ప్రార్థన చేసేటప్పుడు పోయినవారి పేరు పలకవచ్చా, క్యారల్స్ బృందం ఈ ఏడాది గుమ్మం ముందు ఆగాలా వద్దా. చాలా ఇళ్ళలో జవాబుకు ముందు ఒక మాట వస్తుంది: ‘ఈ ఏడు మాకు పండగ లేదు అయ్యగారూ.’ మరణం జరిగిన ఇంట ఏడాదిలోపు పండుగ చేసుకోకపోవడం తెలుగువారిలో చాలా ఇళ్ళలో ఉన్న ఆచారం. క్రైస్తవ కుటుంబాలు కూడా ఆ ఏడాది నక్షత్రం కట్టవు, కొత్త బట్టలు కుట్టించవు, పిండివంటలు వండవు. కొందరు బోధకులు దీనిని అవిశ్వాసమని వేదిక మీద నుంచే మందలిస్తారు. నేను ఆ పని చేయను, చేయవద్దనే చెబుతాను. మూలపెట్టిన నక్షత్రం ఆ ఇంటివారి ప్రేమకు గుర్తు. దానిని బలవంతంగా కట్టించి వెలిగించినంత మాత్రాన లోపల చీకటి పోదు. చేయవలసినదల్లా ఆ ఇంటికి పొయ్యి వెలిగించే పని లేకుండా, పక్క ఇంటివారు అరిసెలు, జంతికలు పంపేలా చూడటం, పండుగనాటి మధ్యాహ్నం ఏ ఇంటి విస్తరిలో వారు భోజనం చేయాలో సంఘ పెద్దలతో ముందే మాట్లాడి ఉంచడం.

నాలుగు ఆదివారాలు, నాలుగు మాటలు

ఆగమనంలో నాలుగు కొవ్వొత్తులు వెలిగించే సంఘాలు చాలావరకు నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అనే నాలుగు మాటల మీద ధ్యానిస్తాయి. ఈ మాటలను గుడి బయటి తెలుగులో ఏ అర్థంలో వాడుతారో చూసుకోవడం నాకు ఏ వ్యాఖ్యానం కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

బస్సు కోసం, కబురు కోసం, ఆసుపత్రి వరండాలో డాక్టరు బయటికి రావడం కోసం ఎదురుచూడటాన్ని తెలుగులో నిరీక్షించడం అంటారు. గుడిలో అదే మాటను భవిష్యత్తు మీది నమ్మకానికి వాడుతున్నాం. వినేవారి చెవిలో రెండు అర్థాలూ మోగుతాయి గనుక, మొదటి ఆదివారం రెండో అర్థానికి పరుగెత్తకుండా మొదటి అర్థం దగ్గర చాలాసేపు నిలబడాలి. ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు నిరీక్షించి, చివరికి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చినవారు మన ముందు కూర్చుని ఉంటారు. ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరు శిష్యులు తాము ఆశపడ్డామని చెప్పుకున్నది గడిచిపోయిన కాలంలోనే (లూకా 24:21). ఆ వాక్యాన్ని ఈస్టరుకు మాత్రమే దాచిపెట్టకుండా ఆగమనంలో కూడా చదవవచ్చు. యేసు వారి మాటను మధ్యలో అడ్డుకోలేదు, ముందు వారి చేత అంతా చెప్పించాడు.

రెండో ఆదివారపు ‘సమాధానం’ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గుడిలో ఆ మాటకు శాంతి అని అర్థం, గుడి బయట ప్రశ్నకు ఇచ్చే జవాబు అనే అర్థం. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి సమాధానం కావాలి, అంటే ఎందుకిలా జరిగిందో ఎవరైనా చెప్పాలి. మనం వేదిక మీద దేవుడు సమాధానం ఇస్తాడని అన్నప్పుడల్లా, తెలియకుండానే ఆయన చెవిలో ఒక జవాబును వాగ్దానం చేస్తున్నాం, ఆ జవాబు మన దగ్గర లేదు. అందుకని ఆ ఆదివారం మాట రెండు అర్థాలనూ విడదీసి చెబుతాను: మన ప్రశ్నకు జవాబు ఇప్పుడు మన చేతికి రాకపోవచ్చు, యోబుకు కూడా తన ప్రశ్నకు జవాబుగా కారణం చెప్పలేదు, దేవుడే అతని ఎదుట నిలిచి మాట్లాడాడు. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఏదైనా ఉంటే, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన నోరు విప్పకుండా కూర్చోవడమే (యోబు 2:13). నోరు విప్పిన తరువాతే వారు చెడిపోయారు. ఇది చెప్పి, సంఘమంతా రెండు నిమిషాలు మౌనంగా కూర్చునేలా చేయాలి. మన సంఘాలకు మౌనం అలవాటు లేదు, ఎవరో ఒకరు ‘స్తోత్రం’ అంటారు, కీబోర్డు వాయించే కుర్రవాడు నిశ్శబ్దాన్ని నింపాలని చూస్తాడు. అతనికి ముందే చెప్పి ఉంచాలి.

ఆనందం, ప్రేమ అనే మిగిలిన రెండు ఆదివారాలకూ నా దగ్గర పెద్ద సలహా లేదు. ఆనందాన్ని ఆజ్ఞగా చెప్పకుండా ఉంటే చాలు.

విశ్వాసం అనే మాట మీద మాత్రం ఒక మాట చేర్చాలి. ఉప్పు తిన్న విశ్వాసం అని మనవారంటారు, కుక్కకున్న విశ్వాసం అంటారు, అంటే విడిచిపెట్టకుండా ఉండటం. మనసులో ఏ ఉద్రేకమూ లేకుండా, పాట పాడలేక, కళ్ళు మూసుకుంటే పోయినవాడే కనబడుతున్నా, ప్రతి ఆదివారం వచ్చి మూడో స్తంభం దగ్గర కూర్చునే స్త్రీకి ఉన్నది ఆ విశ్వాసమే. ఆ సంగతి ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.

రాసుకునే పద్ధతి

వాక్యభాగాన్ని మొదట గట్టిగా, బైబిలు గ్రాంథికంలోనే మూడుసార్లు చదువుకుంటాను. తరువాత దానిని పొలం నుంచి వచ్చిన మనిషికి చెబుతున్నట్టు వాడుక తెలుగులో ఒకసారి నోటితో చెప్పి, చెప్పిన దానిని మాత్రమే కాగితం మీద పెడతాను. ఆరాధనలో గ్రాంథికం వినబడవలసింది చదివే భాగంలోనే, వివరణ కూడా ఆ ధోరణిలోకి జారితే దుఃఖంలో ఉన్నవాడికి మనం ఇంకా దూరమవుతాం. పండుగ కాలపు ధ్యానం పదిహేను నిమిషాలు దాటకూడదు. శనివారం ఉదయానికి కాగితం సిద్ధమైతే, సాయంత్రం మా అమ్మగారికి, అంటే సంఘమంతా అమ్మగారని పిలిచే నా భార్యకు, చదివి వినిపిస్తాను. ఆమె ఏ వాక్యం దగ్గర కూర చూడటానికి లేస్తుందో ఆ వాక్యం తీసేస్తాను.

కొట్టివేయవలసిన వాక్యాలు కొన్ని ముందే తెలిసి ఉండటం మంచిది. ‘దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడు’ అనేది మరణం జరిగిన ఇంటివారిని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటములలో తరతరాలుగా వినబడుతోంది. ఆరేళ్ళ పిల్లను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ మాట అంటే, దేవుడికి పూల మీద ఉన్న ఇష్టం తన మీద లేదని ఆమె అనుకుంటుంది. అంతా మేలుకే జరుగుతుందని రోమా 8:28ను తొలి సంవత్సరంలోనే చదవడం కూడా తొందరపాటే, ఆ వాక్యానికి ముందున్న మూలుగుల వచనాలు చదివితే మేలు. ఇక 1 థెస్సలొనీకయులకు 4:13 చాలామంది చేతిలో ఏడవవద్దనే ఆజ్ఞగా మారిపోయింది. పౌలు అక్కడ ఏడుపును నిషేధించలేదు, నిరీక్షణ లేనివారు ఏడ్చినట్టు ఏడవవద్దన్నాడు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచింది, ఇంకాసేపటిలో అతనిని లేపబోతున్నానని తెలిసి కూడా.

ఉదాహరణల కోసం దూరదేశాల కథలు వెతకనక్కరలేదు, మన సంఘాల చరిత్రలోనే ఉన్నాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, శనివారం వచ్చింది. వేలమంది పోయిన ఆ నేల మీద ఎనిమిది రోజులకే, నవంబరు 27న, ఆగమన మొదటి ఆదివారం వచ్చింది. సునామీ మన తీరాన్ని తాకింది 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాటి ఆదివారం ఉదయం. ఆ ఏళ్ళు చూసినవారు మన సంఘంలో ఉంటే, ఆ పండుగ ఎలా గడిచిందో, ఎవరు ఎవరికి అన్నం పెట్టారో వారి దగ్గర కూర్చుని అడిగి, వారి అనుమతితో వారి మాటల్లోనే సంఘానికి చెప్పాలి. ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాలకైతే 1876–78 నాటి కరువే మూలకథలో భాగం. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. కూటి కోసం చేరుతారన్న భయంతో కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపి, ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మందికి ఇప్పించాడు. మెదక్ పెద్ద చర్చి కూడా కరువు రోజులలో కూలీలకు పని దొరకాలని కట్టినదే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. పండుగా లేమీ ఒకే రోజున రావడం మన తాతలకు కొత్త కాదని సంఘానికి గుర్తుచేయడానికి ఈ సంగతులు సరిపోతాయి.

క్రిస్మస్, ఆపైన డిసెంబరు 31 రాత్రి

క్యారల్స్ బృందంతో ముందే కూర్చోవాలి. ఆగమని చెప్పిన ఇంటి ముందు డోలక్ లేకుండా, టపాకాయలు కాల్చకుండా, ఒక్క పాట తగ్గు శ్రుతిలో పాడి, ప్రార్థన చేసి కదలాలి, కానుకల డబ్బా ఆ గుమ్మం దగ్గర చాపకూడదు. వద్దన్న ఇంటి ముందు నుంచి డప్పు కొట్టుకుంటూ పోకుండా పక్క వీధి పట్టుకోవాలి. కుర్రవాళ్ళు వింటారు, వారితో ముందే మర్యాదగా చెప్పేవారే తక్కువ.

క్రిస్మస్ ఉదయపు వాక్యం సంతోషంగానే ఉండాలి. ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని వచ్చినప్పుడు వేదిక మీద నుంచి విలాపం చదివితే, దుఃఖంలో ఉన్నవారు తమ వల్ల అందరి పండుగ చెడిందని సిగ్గుపడతారు. అయితే లూకా రెండో అధ్యాయంలో గొల్లల దగ్గర ఆగకుండా ముప్పై ఆరో వచనం వరకు వెళితే, ఏడేళ్ళు మాత్రమే కాపురం చేసి, ఎనభై నాలుగేళ్ళ విధవరాలిగా దేవాలయంలో కనిపించే అన్న కనబడుతుంది. శిశువును గుర్తుపట్టి నలుగురికీ చెప్పినవారిలో ఆమె ఒకరు. ఆమె గురించి రెండు మూడు వాక్యాలు చాలు, వినవలసినవారు వింటారు. హేరోదు చంపించిన పసిబిడ్డల కోసం రాహేలు ఓదార్పు పొందనొల్లక ఏడ్చిన భాగాన్ని (మత్తయి 2:18) తరువాతి ఆదివారానికి ఉంచి, ఆ రోజు అనుమతి ఇచ్చిన కుటుంబాల పేర్లను ప్రార్థనలో చదవాలి. పేరు మాత్రమే చదవాలి, ఎలా పోయారన్నది చెప్పకూడదు.

నేను బాగా తప్పు చేసింది వాచ్ నైట్ ఆరాధనలో. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక పళ్ళెంలో వాగ్దానం కార్డులు పెట్టి అందరి చేతా తీయించడం మా సంఘంలో ఆనవాయితీ. బజారులో దొరికే అచ్చు కార్డుల కట్ట తెచ్చి, విప్పి చూడకుండానే పళ్ళెంలో పోశాను. ఆ జూన్‌లో భర్తను పోగొట్టుకున్న ఒకామె కార్డు తీసి, దీపం కిందకు తీసుకువెళ్ళి చదువుకుని, వెనక్కి వచ్చి నా చేతిలో పెట్టింది. నీ గుడారాన్ని ఏ తెగులూ సమీపించదనే 91వ కీర్తన మాట అది. ‘అయ్యగారూ, నిరుడు కూడా నాకు ఇదే వచ్చింది’ అంది. గొంతులో కోపం కూడా లేదు. నేను ఆ కార్డును పట్టుకుని నిలబడిపోయాను, వెనక వరుస కదులుతూనే ఉంది.

అప్పటి నుంచి కార్డులు నేనే రాస్తాను. కీడు రానే రాదని చెప్పే వచనాలను పక్కన పెట్టి, కీడులో కూడా తోడుంటానని చెప్పేవాటిని ఏరుతాను: నీళ్ళలో నడిచేటప్పుడు నీతో ఉంటాననే యెషయా 43:2, చీకటి లోయలో తోడుండే 23వ కీర్తన, విరిగిన హృదయానికి దగ్గరగా ఉంటాననే కీర్తన 34:18. వంద కుటుంబాల సంఘానికి ఇరవై వచనాలు ఏరుకుని ఒక్కొక్కటి ఐదుసార్లు రాస్తే సరిపోతుంది. యువజన సభ్యులలో చేతిరాత బాగున్న ఇద్దరు సాయంపడితే రెండు సాయంత్రాల పని.

పంట పండుగ, శ్రమల దినాలు

పంట పండుగను కొన్ని సంఘాలు క్రిస్మస్‌కు ముందు, కొన్ని సంక్రాంతి దాటాక చేసుకుంటాయి. గుమ్మడికాయలు, కోళ్ళు, కొత్త బియ్యం వేలం పాడే ఆ సందడిలో రూతు గ్రంథం మొదటి అధ్యాయం చదివితే చాలు. నయోమి ఖాళీ చేతులతో తిరిగివచ్చి, తనను మారా, అంటే చేదు, అని పిలవమన్నది యవల కోత ఆరంభంలోనే. పంట పోయిన రైతు ఆ ఏడాది కానుక తేలేక వెనక నిలబడితే, అతని పేరున ఒక బుట్ట పెట్టే ఏర్పాటు పెద్దలు చాటుగా చేయాలి.

శ్రమల దినాలలో, భస్మ బుధవారం నుంచి ఆదివారాలు కాక నలభై దినాలు, ఇంటింటి కూడికలు జరుగుతాయి గనుక ఒక కూడిక దుఃఖంలో ఉన్న ఇంట పెట్టుకుని, అక్కడ చీకటి మాటతోనే ముగిసే 88వ కీర్తన చదవవచ్చు. చివర ఓదార్పు వచనం తగిలించకుండా ఆపడానికి కొంత ధైర్యం కావాలి. మట్టల ఆదివారం పిల్లలది, వారికే వదిలేయాలి. శుభ శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని ధ్యానం చెప్పేటప్పుడు, తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాటను, వీలైతే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత చెప్పించాలి. ఆమె ఒప్పుకుంటేనే.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో

మా ప్రాంతంలో శనివారం సాయంత్రమే సమాధులకు సున్నం కొట్టి, గడ్డి పీకి, మల్లెలు, కనకాంబరాలు పెడతారు. ఆదివారం నాలుగింటికి కొవ్వొత్తులతో పాడుకుంటూ అక్కడికి నడుస్తాం. ఏడాదంతటిలో వాక్యానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు, ఇంతకన్నా తక్కువ మాటలు అవసరమయ్యే చోటూ లేదు. ఏడు నిమిషాలు మించకూడదు, అందరూ నిలబడే ఉంటారు, మైనం చేతుల మీద కారుతూ ఉంటుంది. యోహాను 20లో మగ్దలేనే మరియ ఏడుస్తూ యేసును తోటమాలి అనుకుని, తన పేరు పిలిచాక గుర్తుపట్టిన భాగం చదువుతాను. తరువాత నోటు పుస్తకంలోని పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తాను, పిలిచిన పేరుకు ఆ ఇంటివారు కొవ్వొత్తి పైకెత్తుతారు.

ఇంకా మట్టిదిబ్బగానే ఉన్న కొత్త సమాధుల దగ్గరికి ముందు నడవాలి, చలువరాతి సమాధులు తరువాత. సమాధే కనబడనివారు కూడా ఉంటారు. శ్మశాన స్థలం లేని ఊళ్ళలో కాలువ గట్టున పాతిపెట్టిన దిబ్బలు రెండు వానాకాలాలకు చదునైపోతాయి. కరోనా రోజులలో ఎక్కడో ఎవరో పూడ్చిన తండ్రుల చోటు పిల్లలకు తెలియదు. 2020 ఈస్టరు, ఏప్రిల్ 12న, మేమెవరమూ తోటలోకి వెళ్ళనే లేదు. అలాంటివారి కోసం ప్రవేశం దగ్గర ఒక అరుగు మీద ఇసుక పళ్ళెం పెట్టించి, కొవ్వొత్తి అక్కడ గుచ్చమని చెబుతాను. మొదటి ఏడాది నాలుగు వెలిగాయి. ఇప్పుడు పెద్ద పళ్ళెం కావలసివస్తోంది.

ఆ తరువాతి ఆదివారం గుడి సగం ఖాళీగా ఉంటుంది. ఎనిమిది దినాలు ఆలస్యంగా నమ్మిన తోమా మీద పది నిమిషాల వాక్యం చెప్పి, మధ్యాహ్నం నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరాలి. ఈసారి ఏడాది నిండిన ఇళ్ళు ముందు. ఆదరణ కూటములు అయిపోయి, జ్ఞాపకార్థ ప్రార్థన అయిపోయి, చుట్టాల రాకపోకలు తగ్గిపోయిన రెండో ఏడాది అది. పుస్తకంలో ఆ పేర్లను కొట్టివేయకుండా పక్కన ‘రెండో ఏడు’ అని రాసి ఉంచితే, వచ్చే అక్టోబరులో మళ్ళీ కనబడతాయి.